దూర్బీన్ పట్టుకున్న మనిషి



ఈసారి ఒక లఫ్జ్‌తో మొదలుపెడతాను. కైఫియత్. మన ఇళ్లలో ఈ మాట మామూలే. ఆస్పత్రిలో ఎవరైనా ఉంటే "మరీజ్ కీ కైఫియత్ కైసీ హై?" అని అడుగుతాం. ఎలా ఉన్నాడు, హాలత్ ఏంటి అని. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత జిద్దు పట్టి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి నేను. సెకండియర్‌లో మా తెలుగు మాస్టారు బోర్డు మీద "కైఫియత్తులు" అని రాశారు. "ఇవి మన గ్రామాల చరిత్రలు. మెకంజీ దొర రాయించి పోగేసినవి" అన్నారు. క్లాసంతా తలొంచుకుని రాసుకుంటోంది. నేను మాత్రం బోర్డు వైపే చూస్తూ ఉండిపోయాను. మా అమ్మీ మాట తెలుగు చరిత్ర పాఠంలోకి ఎలా వచ్చి కూర్చుంది?

వెతికితే సర్వే పనిలో మన మాటలు ఇంకా చాలా దొరికాయి. భూమిని కొలిచే గొలుసు జరీబ్. కృష్ణా, గుంటూరు వైపు ఏటి ఒడ్డు భూముల్ని ఇవాళ్టికీ జరీబు భూములనే అంటారు. గీసిన పటం నక్షా. హద్దు చివర సర్‌హద్, తెలుగులో సరిహద్దు. దూరాన్ని దగ్గర చేసి చూపించేది దూర్బీన్, తెలుగులో దుర్భిణి. సామాను మోసేవాడు, డేరా వేసేవాడు, ఎండలో కర్ర పట్టుకుని నిలబడేవాడు ఖలాసీ. మా విశాఖలో కళాసీ. కొలిచింది కంపెనీ దొరలు. కొలత మాటలు మాత్రం మన దర్బార్ల మీదుగా తెలుగు పొలాల్లోకి దిగినవి.

మాటలు మిగిలాయి సరే, ఆ పని చేసిన మనుషుల తస్వీర్లు ఏమయ్యాయి? ఇవాళ రాసేది దాని గురించే.

కాలిన్ మెకంజీ స్కాట్లండ్ పక్కన లూయిస్ అనే దీవిలో పుట్టాడు. 1783లో మద్రాసు వచ్చి ఈస్టిండియా కంపెనీ ఫౌజ్‌లో ఇంజనీరయ్యాడు. 1792 నుంచి నిజాం ఇలాఖాలో కంపెనీ ఫౌజ్ వెంట తిరుగుతూ దక్కన్ నక్షాలు తయారుచేశాడు. 1799లో టిప్పు సుల్తాన్ షహీద్ అయ్యాక మైసూరు సర్వే అతని చేతికొచ్చింది. 1815లో హిందుస్తాన్ మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో చనిపోయాడు.

కంపెనీకి కావలసింది పన్నెంత వస్తుంది, ఫిరంగి ఏ దారిన పోతుంది, కోట ఎక్కడుంది అన్నవే. మెకంజీ అంతటితో ఆగలేదు. ఊరూరా కరణాల్ని, ముసలివాళ్లని అడిగించి ఆ ఊరి కైఫియత్ రాయించాడు. శాసనాలకి నకళ్లు తీయించాడు. గుళ్లు, కోటలు, సమాధులు, జనం కట్టూ బొట్టూ అన్నీ బొమ్మలుగా గీయించాడు. చిత్రమేంటంటే ఈ దేశపు భాషలు తనకి రావని అతనే ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు. మరి ఎవరు అడిగారు, ఎవరు విన్నారు, ఎవరు రాశారు? ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య మొదలుపెట్టాడు. అతను 1803లో చిన్న వయసులోనే పోతే, సోదరుడు లక్ష్మయ్య ఆ బరువు ఎత్తుకున్నాడు. వాళ్ల కింద ఇంకెందరో ఊళ్లు పట్టుకుని తిరిగారు.

ఈ ముహిమ్‌లో గీసిన బొమ్మల విలువ తెలియాలంటే అమరావతి చూడాలి. 1798 ప్రాంతంలో మెకంజీ అక్కడికి మొదటిసారి వెళ్లేసరికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తున్నాడు. స్తూపం దిబ్బలోంచి రాళ్లు తవ్వి తీస్తున్నారు. 1816లో మెకంజీ తన మనుషులతో తిరిగొచ్చి, రాయి రాయినీ కాగితం మీద గీయించాడు. అతని కింద నక్షాలూ బొమ్మలూ గీసినవాళ్లలో మద్రాసు సర్వే స్కూల్లో తయారైన కుర్రాళ్లున్నారు. తండ్రి ఫిరంగీ, తల్లి ఈ గడ్డ మనిషి అయిన యతీములకి పని నేర్పడానికి పెట్టిన స్కూలు అది. రాళ్లు కొన్ని మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని లండన్ వెళ్లాయి. చాలా రాళ్లు సున్నం బట్టీల్లో కాలిపోయాయి, గోడల్లోకీ మెట్లల్లోకీ పోయాయి. 1858లో లినియస్ ట్రైప్ అనే కెప్టెన్ కెమెరా పట్టుకునేనాటికి ఫోటో తీయడానికి మద్రాసు చేరిన రాళ్లే ఉన్నాయి. పోయిన రాళ్లలో కొన్నింటికి ఇవాళ వజూద్ ఉందంటే, 1816 తర్వాత ఎండలో కూర్చుని గీసిన ఆ కాగితాల మీదే.

ఆ 1816లోనే మద్రాసులో థామస్ హిక్కీ అనే ముసవ్విర్ మెకంజీ తైలచిత్రం వేశాడు. ఇప్పుడది లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ సొత్తు. కంప్యూటర్‌లో చూడొచ్చు. మీరూ ఒకసారి చూడండి. మధ్యలో ఎర్ర కోటు తొడుక్కుని మెకంజీ. పక్కన ముగ్గురు మనవాళ్లు. తాటాకు గ్రంథం పట్టుకున్నది జైన పండితుడు ధర్మయ్య అనీ, ఇంకొకాయన మన లక్ష్మయ్య అనీ అంటారు. మూడో మనిషి పండితుడు కాదు, దుబాసీ కాదు. ప్యూన్. చేతిలో దూర్బీన్. పేరు కిస్నాజీ అని చెబుతారు.

ఆ బొమ్మ దగ్గర నేను చాలాసేపు ఆగాను. కొండల మీద ఆ దూర్బీన్‌ని మోసింది ఆ చేతులే. దొర చూడాలనుకున్నప్పుడు తీసి అందించింది అతనే. పెద్ద సాహెబుల తస్వీరుల్లో నౌకర్లు ఉండటం కొత్తేమీ కాదు. హుక్కా పట్టుకునో, విసనకర్ర విసురుతూనో ఉంటారు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఈ నౌకరుకి మాత్రం ఒక పేరు మిగిలింది. రెండు వందల ఏళ్ల తర్వాత కంచరపాలెంలో కూర్చున్న నేను కిస్నాజీ అని పిలవగలుగుతున్నాను.

తస్వీర్‌లో జగా దొరికితే ఇన్సాఫ్ దొరికినట్టేనా అంటే, అదీ కాదు. మెకంజీ పోయాక ఆ కాగితాలన్నిటినీ కంపెనీ అతని బేవా దగ్గర లక్ష రూపాయలకి కొన్నది. ఆ కాగితాల్లో ఏముందో అందరికన్నా ఎక్కువ తెలిసిన లక్ష్మయ్య, మిగిలిన పని నేను పూర్తిచేస్తానని అర్జీ పెట్టుకున్నాడు. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సెక్రటరీ జేమ్స్ ప్రిన్సెప్ దాన్ని పక్కన పెట్టాడు. ఇంత పెద్ద పనికి దేశీయులెవరూ సరిపోరన్నది అతని రాయి. బ్రాహ్మీ లిపి చదివి అశోకుణ్ణి మనకి తిరిగిచ్చిన అంత పెద్ద ఆలిమ్ అన్న మాట ఇది. మోసినప్పుడు పనికొచ్చిన మనిషి, పేరు పెట్టాల్సి వచ్చేసరికి పనికిరాలేదు.

ఇది మన ముల్క్ కథే అనుకోకండి. మొన్న రంజాన్‌కి డాలస్ నుంచి వచ్చిన మా మేనకోడలు పిల్లలకి ఈదీగా తలా ఒక డాలర్ నాణెం ఇచ్చింది. బంగారు రంగు. దాని మీద వీపున పసిబిడ్డని కట్టుకుని, భుజం మీదుగా వెనక్కి చూస్తున్న ఒక అమ్మాయి. "ఈ బీబీ ఎవరు అబ్బా?" అని మా చిన్నది అడిగింది. అఖ్బార్‌వాడి కూతురు కదా, జవాబు చెప్పేదాకా వదల్లేదు.

ఆ అమ్మాయి సకాగవియా. షోషోనీ తెగ పిల్ల. 1804లో ప్రెసిడెంట్ జెఫర్సన్ హుకుం మీద లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు ఫౌజీ అఫ్సర్లు పడమటి సముద్రం దాకా దారి వెతకడానికి బయల్దేరారు. 1806లో తిరిగొచ్చారు. అమెరికా తన సర్‌హద్‌ని పడమటికి జరుపుకుంటూ పోవడంలో అదొక పెద్ద అడుగు. సరిగ్గా మన మెకంజీ మైసూరు కొలుస్తున్న రోజులవి. ఈ అమ్మాయి చంకలో పాలు తాగే బిడ్డతో ఆ సఫర్‌లో ఉంది. తన తెగవాళ్లతో మాట్లాడి గుర్రాలు దొరికేలా చేసింది. ఆ డైరీల్లో చాలాచోట్ల ఆమెకి పేరు లేదు. "ఇండియన్ స్త్రీ" అంతే.

ఆ ముహిమ్‌లో ముసవ్విర్ లేడు. కెమెరా అప్పటికి పుట్టనే లేదు. మిజోరీ నది మీద పెద్ద జలపాతం చూసి, దీన్ని గీయగల చెయ్యి నాకు లేదే అని లూయిస్ తన డైరీలో బాధపడ్డాడు. తిరిగొచ్చాక అఫ్సర్లిద్దరి బొమ్మలూ పేరున్న చిత్రకారులు వేశారు. సకాగవియా ముఖం మాత్రం బతికుండగా ఎవరూ గీయలేదు. మరి నాణెం మీద ఉన్నదెవరు? 2000లో ఆ నాణెం తెచ్చినప్పుడు షోషోనీ-బానక్ తెగకే చెందిన రాండీల్ టీటన్ అనే విద్యార్థినిని నమూనాగా కూర్చోబెట్టుకుని శిల్పి ఆ ముఖం చేసింది. అసలు ముఖం గుమ్. పేరు మాత్రం మిగిలింది.

ఆ బృందంలో యార్క్ అని ఇంకొకడున్నాడు. నల్ల మనిషి, క్లార్క్ గులాం. అందరితో పాటు పడవ లాగాడు, వేటాడాడు, బరువులు మోశాడు. తిరిగొచ్చాక సిపాయిలకి రెట్టింపు తనఖా, పైన జమీను ఇచ్చారు. సకాగవియా మొగుడికి సుమారు 500 డాలర్లు, 320 ఎకరాలు దక్కాయి. సకాగవియాకి ఏమీ లేదు. యార్క్‌కి ఆజాదీ కూడా లేదు.

ఇవాళ అమెరికా బడి పుస్తకాల్లో కనిపించే ఆ ముహిమ్ చిత్రాలు చాలావరకు దాదాపు నూరేళ్ల తర్వాత ఊహించి వేసినవే. వాటిలో నాకు నచ్చింది చార్లెస్ రసెల్ 1912లో మోంటానా రాష్ట్ర శాసనసభ గోడకి వేసిన పెద్ద చిత్రం. గోడంత బొమ్మ. ముందంతా గుర్రాల మీద సాలిష్ తెగ జనం, దుమ్ము లేపుకుంటూ. లూయిస్, క్లార్క్ ఎక్కడో పక్కన, చిన్నగా. ఎవరి ఇంటికి ఎవరు మెహమాన్‌గా వచ్చారో ఆ ముసవ్విర్‌కి తెలుసు.

కెమెరా వచ్చాకైనా సంగతి మారిందా? 1871లో హేడెన్ అనే సర్వే అధికారి యెల్లోస్టోన్ లోయకి వెళ్తూ విలియం హెన్రీ జాక్సన్ అనే ఫోటోగ్రాఫర్ని వెంట తీసుకెళ్లాడు. థామస్ మోరన్ అనే ముసవ్విర్ కూడా వాళ్లతో కలిశాడు. గాజు పలకలు, మందు సీసాలు, పెద్ద కెమెరా అన్నీ కంచర గాడిదల మీద. ఆ ఫోటోలు, రంగుల బొమ్మలు వాషింగ్టన్‌లో కాంగ్రెస్ ముందుకెళ్లాయి. 1872 మార్చిలో యెల్లోస్టోన్ ప్రపంచంలోనే మొదటి నేషనల్ పార్కు అయింది. తస్వీర్‌కి ఎంత తాఖత్ ఉందో చూశారా! కానీ ఆ కొండలూ జలపాతాలూ చూసినవాళ్లకి అక్కడ జనమే లేరనిపిస్తుంది. వేల ఏళ్లుగా ఆ లోయలో తిరిగిన తెగలున్నాయి. ఫ్రేములో లేరు కాబట్టి లేనట్టే అయ్యారు.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను.

మా కొండల్లోనూ ఇలాంటి ముహిమ్ ఒకటి నడిచింది. 1960ల్లో కొత్తవలస నుంచి కిరండోల్ దాకా వేసిన రైలు మార్గం. మా వైపు కేకే లైన్ అంటారు. బస్తర్‌లోని బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి జపాన్ పంపడానికి వేసింది. నాలుగు వందల కిలోమీటర్ల పైన దారి, 58 సొరంగాలు. అనంతగిరి అడవిలోంచి, బొర్రా గుహల మీదుగా అరకు ఎక్కుతుంది. అరకు రైలెక్కి సొరంగం రాగానే పిల్లలు కేకలు పెడతారే, ఆ దారే. పట్టాలు పడటానికి ముందు ఆ కొండల్ని ఎవరో కాళ్లతో కొలిచారు. మా దాదా వాళ్లలో ఒకరు. సర్వే పార్టీలో ఖలాసీ.

ఇంట్లో ఒక ఫోటో ఉంది. 1962 నాటిది. దళసరి అట్ట మీద అంటించిన నలుపు తెలుపు ఫోటో. వెనక డేరా, దాని వెనక కొండ. ముందు కుర్చీల్లో ముగ్గురు, టోపీ పెట్టుకున్న అఫ్సర్ మధ్యలో. వెనక తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. ఎడమ నుంచి మూడో మనిషి మా దాదా. చేతిలో అంకెల గీతలున్న పొడుగాటి లెవెల్ కర్ర. దాన్ని తనకంటే నిటారుగా పట్టుకున్నాడు. అట్ట కింద ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. కుర్చీల్లో ఉన్న ముగ్గురి పేర్లు, హోదాలు. ఆ తర్వాత రెండే మాటలు: "అండ్ ఖలాసీస్".

1816లో దూర్బీన్ పట్టుకున్న ప్యూన్‌కి పేరు మిగిలింది. ఆజాదీ వచ్చిన పదిహేనేళ్లకి లెవెల్ కర్ర పట్టుకున్న మా దాదాకి మిగల్లేదు.

ఈ ఫోటో చాలా ఏళ్లు గోడ మీదే ఉండేది. దాదీ పోయాక ఆ గది నమాజ్ గది అయింది. మా చాచా దాన్ని దించి, మల్లు గుడ్డలో చుట్టి సందూక్‌లో పెట్టారు. పోర్టులో రిటైరై ఐదు పూటలా మస్జిద్‌లో ఉండే మనిషి. జాందార్ తస్వీర్ గోడ మీద వద్దన్నది ఆయన మాట. మా తమ్ముడికి కోపం వచ్చింది. "దాదా ముఖం చూసుకోవడానికి కూడా సందూక్ తియ్యాలా?" అని. ఇలాంటి గొడవ మీ ఇళ్లలోనూ జరిగే ఉంటుంది. మస్‌అలా చెప్పడానికి ఉలమా ఉన్నారు. నేను అఖ్బార్‌వాణ్ణి, ఆ జోలికి పోను. మా దాదీ కూడా ఓటరు కార్డుకి తప్ప జిందగీలో ఎప్పుడూ ఫోటో దిగలేదు. ఆమె ముఖం ప్రభుత్వం తీసిన ఒక మసక చదరంలోనే ఉంది.

నన్ను కలవరపెట్టింది గోడ కాదు, మా ఫూఫీ. మర్రిపాలెంలో ఉంటారు. ఆ ఫోటో తీసినప్పుడు ఆమెకి తొమ్మిదేళ్లు. ఆ ఖలాసీలంతా ఈద్‌కి మా ఇంటికొచ్చి షీర్ ఖుర్మా తాగిన వాళ్లు. వాళ్ల పేర్లు తెలిసిన చివరి మనిషి ఆమే. ఈ మధ్య ఆమెకి మతిమరుపు మొదలైంది. పొయ్యి మీద చాయ్ పెట్టి మర్చిపోతున్నారు. ఒకరోజు నన్ను మా అబ్బా పేరుతో పిలిచారు. ఆమెతో పాటు ఎనిమిది పేర్లు పోతాయి. తర్వాత ఆ ఫోటో గోడ మీదున్నా సందూక్‌లో ఉన్నా ఒకటే. "అండ్ ఖలాసీస్" అంతే.

ఆ రోజుల్లోనే ఇంకో ఆలోచన వచ్చింది. తస్వీర్ లేకుండా మనిషిని ఎలా గుర్తుపెట్టుకోవాలో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఒక హదీస్ చదవండి. ముందు ఇస్నాద్ ఉంటుంది. ఫలానా ఆయన ఫలానా ఆయన దగ్గర విన్నాడు, ఆయన ఫలానా ఆయన దగ్గర విన్నాడు అని పేర్ల గొలుసు. ఆ మాటని మోసుకొచ్చిన రావీలు వేలమంది. ఒక్కరి బొమ్మ కూడా లేదు. కానీ వాళ్లెవరు, ఎక్కడివాళ్లు, ఎవరి దగ్గర చదివారు, హాఫిజా ఎలాంటిది అని రాసి పెట్టడానికే అస్మా-ఉర్-రిజాల్ అని ఒక ఇల్మ్ ఉంది. ఇబ్న్ హజర్ అస్ఖలానీ రాసిన తహ్‌జీబ్-ఉత్-తహ్‌జీబ్ అలాంటి కితాబే. అది మన హైదరాబాద్‌లోనే, దాయిరతుల్ మఆరిఫ్‌లో 12 జిల్దులుగా అచ్చయింది. మాట మాత్రమే మిగిలితే చాలదు, మోసినవాడి పేరూ మిగలాలని పట్టుబట్టిన కౌమ్ మనది. మాట మోసినవాడికి ఆ హఖ్ ఉంటే, లెవెల్ కర్ర మోసినవాడికి ఎందుకుండకూడదు?

ఈ సంగతి చాచాకి చెప్పాను. ఆయన కాసేపు తస్బీహ్ తిప్పుతూ ఊరుకున్నారు. తర్వాత, "తస్వీర్ గోడ మీద వద్దన్నాను గానీ, అబ్బా పేరు వద్దన్నానా?" అన్నారు. లేచి సందూక్ తీశారు. ఆ ఆదివారం జొహర్ తర్వాత ఫోటో పట్టుకుని ఇద్దరం మర్రిపాలెం వెళ్లాం.

ఫూఫీ కళ్లజోడు పెట్టుకుని ఫోటోని కిటికీ వెలుగులోకి తిప్పారు. పొద్దున ఏం తిన్నారో గుర్తులేని మనిషి, అరవై ఏళ్ల కిందటి ముఖాల మీద వేలు పెట్టి చెప్పుకుంటూ పోయారు. ఇతనికి బీడీలు లేకపోతే నడక సాగేది కాదు. ఇతను ఈద్‌కి నాకు గాజులు తెచ్చాడు. ఇతను సొరంగం తవ్వకం మొదలయ్యాక పని మానేసి వెళ్లిపోయాడు, భయపడి. దాదా పోగా ఎనిమిది మందిలో ఆరు పేర్లు దొరికాయి. మూడు మనవాళ్లవి, మూడు విజయనగరం, ఎస్.కోట వైపు వాళ్లవి. ఇద్దరి దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ఎంత ఆలోచించినా రాలేదు. ఆ ఆరుగురి పేర్లు ఇక్కడ రాయడం లేదు. వాళ్ల పిల్లలు ఎక్కడున్నారో వెతుకుతున్నాను. ముందు వాళ్లని అడగడం అదబ్.

లేవబోతుంటే ఆమే అడిగారు, "మరి ఆ పహాడీ మామూ ఏడీ?" అని. ఎవరని అడిగితే చెప్పారు. అనంతగిరి దగ్గర ఒక కొండ మనిషి వీళ్లకి దారి చూపించేవాడట. ఏ వాగులో నీళ్లు ఎప్పుడు లేస్తాయో, ఏ వాలు మీద కాలు నిలుస్తుందో అతనికే తెలుసు. ఒకసారి దాదాకి జ్వరం వస్తే రెండు రోజులు మోసుకుంటూ కిందికి దించాడట. ఫోటో తీసిన రోజు అతను నీళ్లకి వెళ్లాడు. వచ్చేసరికి అయిపోయింది. చాచా నెమ్మదిగా, "ఆపా, ఆయన ఫోటోలో లేడు" అన్నారు. ఫూఫీ విసుక్కున్నారు: "ఫోటో మే నై హై తో ఆద్మీ నై థా క్యా?"

అతని పేరు ఆమెకి తెలియదు. దాదా ఎప్పుడూ దోస్త్ అనే పిలిచేవాడట.

ఇంటికొచ్చాక చాచా ఫోటోని బోర్లా తిప్పి, అట్ట వెనక తన పాత మద్రసా దస్తూరీతో ఉర్దూలో పేర్లు రాశారు. ఎడమ నుంచి కుడికి నిలబడ్డ వరసలోనే. ప్రతి పేరు కింద నేను తెలుగులో రాశాను. మెత్తటి పెన్సిల్‌తో రాశాం, సిరా అయితే ముందువైపుకి దిగుతుంది. పేరు దొరకని ఇద్దరికీ జగా ఖాళీగా వదిలాం. చివర "ఫలానా వాళ్లు చెప్పగా, ఫలానా తేదీన రాసింది" అని ఫూఫీ పేరు, తేదీ వేశాం. ఇస్నాద్ కదా. ఫోటో మళ్లీ సందూక్‌లోకే వెళ్లింది. మా తమ్ముడు ఫోన్‌లో రెండు వైపులా తీసుకున్నాడు. గోడ గురించి ఇంకా ఎవరి మాట వాళ్లదే.

2018లో మా కంచరపాలెం పేరుతో సినిమా వచ్చినప్పుడు, ఇక్కడి మామూలు మనుషులు తెర మీద కనపడితే పేట పేటంతా మురిసిపోయింది. ఊర్వశి జంక్షన్‌లో చాయ్ తాగే మనుషుల్ని తెర మీద చూడటం ఎంత ఖుషీయో నాకు తెలుసు. ఆ అదృష్టం అందరికీ రాదు. మన ఇళ్లలో రైల్వేలో, పోర్టులో, జూట్ మిల్లుల్లో, లాంచీల మీద పనిచేసినవాళ్లు ఎంతమందో. వాళ్ల గ్రూప్ ఫోటోలు ఏ బీరువా అడుగునో ఉంటాయి.

నా గుజారిష్ ఒక్కటే. ఈ జుమా తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. ఫోటో ఉంటే వెనక్కి తిప్పి పేర్లు రాయండి. లేకపోతే ఒక కాగితం చాలు. మీ దాదా ఎవరితో కలిసి పనిచేశాడు, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు దారి చూపించారు అని అడగండి. మనవాళ్లే రాయాలని లేదు. మీరు రాసినదాన్ని నాకు చెప్పాల్సిన పనీ లేదు.

మా అట్ట వెనక ఆఖరి లైను చాచా రాసిందే. ఖాళీగా వదలాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాశారు. దాని కింద నేను తెలుగులో ఇలా రాశాను: "పదో మనిషి. అనంతగిరి వైపు. పేరు తెలియదు. నీళ్లకి వెళ్లాడు."